ఎర్రచందనం: కొండ నుంచి ఓడరేవు దాకా

ఎర్రచందనం చెట్టు సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ కొసన ఉన్న కొద్దిపాటి కొండల్లోనే. ఉమ్మడి కడప జిల్లాలోని పాలకొండలు, లంకమల, వెలిగొండ, తిరుపతి వైపు శేషాచలం దీనికి అసలు నెలవు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల అంచుల్లోనూ, కర్నూలు–నంద్యాల వైపు నల్లమల దక్షిణ భాగంలోనూ, సరిహద్దు దాటి తమిళనాట కొంత మేరా ఇది కనిపిస్తుంది. ప్రపంచంలో మరే అడవిలోనూ ఇది తనంతట తాను మొలవలేదు. రాయలసీమ నుంచి విదేశీ కొనుగోలుదారులకు గ్రేడు కట్టి అమ్మే కలప ఏదైనా ఉందంటే అది ఇదే. ఎగుమతి కలప అనగానే ప్రపంచానికి గుర్తొచ్చే పైన్, స్ప్రూస్ పలకలకూ ఈ దుంగలకూ పోలిక చాలా తక్కువ. గ్రేడు కట్టడం ఎంత కీలకమో, అది ఎక్కడెక్కడ చెడిపోతుందో తెలుసుకోవడానికి మాత్రం ఎర్రచందనాన్ని మించిన ఉదాహరణ దొరకదు.

శాస్త్రజ్ఞులు దీన్ని టెరోకార్పస్ శాంటలినస్ అంటారు. ఇది చిక్కుడు కుటుంబానికి చెందినది. మన అడవుల్లోని వేగిస దీనికి దగ్గరి చుట్టం. శ్రీగంధానికీ దీనికీ బంధుత్వం లేదు, శ్రీగంధానికుండే పరిమళమూ దీనికి లేదు. ఒక్కో ఆకులో సాధారణంగా మూడు చిన్నాకులు, ఎండాకాలంలో పసుపు పూలు, గుండ్రంగా పల్చగా చుట్టూ రెక్క ఉన్న కాయలు: ఇవీ దీని గుర్తులు. విత్తనాలు అంత తేలిగ్గా మొలకెత్తవు. కొట్టిన మోడు నుంచి మాత్రం పిలకలు బాగానే వేస్తుంది. ఈ గుణమే లేకపోతే, ఇన్నేళ్ల నరికివేత తర్వాత కొన్ని వాలుల్లో ఈ జాతి ఆనవాలు కూడా మిగిలేది కాదు.

చెట్టు స్వభావాన్ని నేల చాలావరకు నిర్ణయిస్తుంది. కడప శిలాసముదాయంగా భూగర్భ శాస్త్రంలో పేరుపొందిన రాళ్లు వంద కోట్ల ఏళ్లకు పైబడినవి. వాటిలోని క్వార్ట్‌జైట్, పలకరాయి పొరలు ముక్కలై ఏర్పడిన గులకరాళ్ల వాలులు ఎర్రచందనానికి ఇష్టం. మట్టి తక్కువ, నీరు నిలవదు, వాన పడేది కొన్ని నెలలే. నీరు నిలిచే నల్లరేగడిలో ఇది రాణించదు. అందుకే నంద్యాల మైదానంలో కనిపించని చెట్టు పక్కనున్న కొండ వాలులో కనిపిస్తుంది. ఇలాంటి నేలలో మాను మందం ఏటా కొద్దికొద్దిగానే పెరుగుతుంది. చేవ మరీ ఆలస్యంగా ఏర్పడుతుంది. మాను వెలుపలి భాగం లేత రంగులో ఉండే తెల్లకర్ర. దానికి విలువ లేదు. లోపలి కణాలు చనిపోయే ముందు రంగు పదార్థాలను, ఇతర రసాయనాలను తమలో నింపుకుంటాయి. అలా నిండిన భాగమే చేవ. ఎర్రచందనం చేవకు ఎరుపునిచ్చేవి శాంటలిన్లు అనే వర్ణకాలు. కోసిన కొత్తలో నారింజ ఎరుపుగా ఉండే చెక్క గాలి తగిలేకొద్దీ ముదిరి, చివరికి ఊదా కలిసిన నలుపు తేలుతుంది.

ఈ చేవ సాంద్రత ఘనమీటరుకు సుమారు 1,100 కిలోలు, అంటే నీటి కంటే ఎక్కువ. దుంగను చెరువులో వేస్తే మునిగిపోతుంది. మీటరు పొడవు, 20 సెంటీమీటర్ల మందం ఉన్న ఎర్రచందనం దుంగ దాదాపు 35 కిలోలు తూగుతుంది. అదే కొలతలో ఇళ్లకు వాడే స్ప్రూస్ ముక్క సుమారు 13 కిలోలే తూగుతుంది. చాలా కలపలకు ఘనమీటర్లలో లెక్క కడితే ఎర్రచందనాన్ని టన్నుల్లో తూచి అమ్ముతారు. దొంగ దుంగలు మీటరు, రెండు మీటర్ల ముక్కలుగా, తెల్లకర్ర చెక్కేసి దొరకడానికీ ఈ బరువే కారణం. మనిషి భుజాన మోయగలిగింది అంతే.

గ్రేడు అంటే ఏమిటి

అంతర్జాతీయ కలప వ్యాపారంలో అధిక భాగం పైన్, స్ప్రూస్, ఫర్ వంటి శంఖాకార వృక్షాల మెత్తకలపది. న్యూజిలాండ్ రేడియేటా పైన్ దుంగలు గుజరాత్‌లోని కాండ్లా రేవులో దిగి, గాంధీధామ్ కోత మిల్లుల్లో పలకలై దేశమంతటా వెళ్తున్నాయి. ఐరోపాలో ఇంటి పైకప్పుకు వాడే పలక మీద సి16, సి24 అనే ముద్ర ఉంటుంది. సి24 అంటే ఆ తరగతి పలకలు వంగుడు ఒత్తిడిని చదరపు మిల్లీమీటరుకు 24 న్యూటన్ల దాకా తట్టుకుంటాయని ప్రమాణం. ఈ అంకె సగటు బలానిది కాదు. నూటికి 95 పలకలు దాన్ని మించి ఉండాలి. అనుభవజ్ఞుడు ముడులు, పగుళ్లు, నార వాలు చూసి తరగతి నిర్ణయించవచ్చు, లేదా యంత్రం ఒక్కో పలక గట్టిదనాన్ని కొలిచి నిర్ణయించవచ్చు. తేమ ఎంత ఉండాలన్నదీ నియమమే. ఆ ముద్రను నమ్మి దుబాయిలోని ఇంజినీరు తాను ఏనాడూ చూడని ఫిన్లాండ్ అడవి కలపతో లెక్కలు కట్టగలుగుతాడు.

ఎర్రచందనానికీ గ్రేడులున్నాయి. అటవీ శాఖ డిపోల్లో దుంగలను ఏ, బీ, సీ అనీ, వీటిలో దేనికీ చేరనివనీ విడదీస్తారు. చుట్టుకొలత, తిన్నదనం, తొర్ర ఉందా లేదా, పగుళ్లు ఎంత లోతు, తెల్లకర్ర ఎంత మిగిలింది, నార ఎలా ఉంది అన్నవి చూస్తారు. వీటిలో చివరిదాన్ని గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

చాలా ఎర్రచందనం చెట్లలో నార నిటారుగా సాగుతుంది. కొన్నిటిలో మాత్రం అది అలలు అలలుగా మెలిక తిరుగుతుంది. చెక్కను చిత్రిక పట్టి నునుపు చేస్తే ఆ అలల మీద వెలుగు ఒక్కోచోట ఒక్కోలా విరిగి, పట్టుచీర మడతల్లాంటి మెరుపు వస్తుంది. ధర ఈ మెరుపుకే. అయితే ఏ చెట్టుకు అలల నార ఉందో ఆకును బట్టి, కాయను బట్టి, మొక్క వయసులో ఉన్నప్పుడు పోల్చుకునే దారి లేదు. పక్కపక్కనే ఒకే వాలులో పెరిగిన రెండు చెట్లలో ఒకటి అలదై రెండోది తిన్ననిది కావచ్చు. అడవిలో దొంగలు మానుకు గాటు పెట్టి నార చూసి, నచ్చకపోతే వదిలి పోతారు. ఆ గాటు పడిన చెట్టు తర్వాత పుచ్చుపట్టి చావవచ్చు. లెక్కకెక్కని నష్టమిది.

మెత్తకలప గ్రేడు బలాన్ని కొలుస్తుంది కాబట్టి దాన్ని యంత్రానికి అప్పగించవచ్చు. ఎర్రచందనం గ్రేడు అందాన్నీ అరుదుదనాన్నీ కొలుస్తుంది. దాన్ని ఇప్పటికీ కంటితోనే చూడాలి. ఒకే దుంగను ఇద్దరు రెండు తరగతుల్లో వేయగలరు. ఏ తరగతి దుంగకూ సీ తరగతి దుంగకూ ధరలో ఉండే తేడా ఎంతో పెద్దది. ఈ వ్యాపారంలోని మోసాల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది.

కొనేదెవరు

జపాన్‌లో షమిసెన్ అనే మూడు తీగల వాద్యం ఉంది. దాని మెడ మీద మెట్లు ఉండవు. వాయించేవారి వేళ్లు తీగలను నేరుగా చెక్క మీదే నొక్కుతాయి. మెత్తని చెక్క అయితే కొన్నాళ్లకే గాళ్లు పడతాయి. అందుకని జపాన్ వాద్యకారులు మెడ చెక్కల్లో వరుస ఏర్పరచుకున్నారు: అడుగున కారిన్, దాని పైన షితాన్, అన్నిటికీ పైన కోకి. కోకి అంటే మన ఎర్రచందనమే. అలల నార ఉన్న కోకి మెడతో చేసిన షమిసెన్ కచేరీ వాద్యం. అంటే జపాన్ గిరాకీ పరిమాణంలో చిన్నది, నాణ్యతలో అత్యున్నతం.

చైనా గిరాకీ పెద్దది. అక్కడ దీన్ని జితాన్ అంటారు. క్వింగ్ చక్రవర్తుల కాలంలో రాజప్రాసాదాల సింహాసనాలు, బీరువాలు, తెరలు జితాన్‌తో చేయించేవారు. చైనా ప్రభుత్వం 2000లో హోంగ్‌ము పేరిట విలువైన ఫర్నిచర్ కలపలకు జాతీయ ప్రమాణం ప్రకటించింది. అందులో జితాన్ తరగతి కింద ఉన్నది ఒకే ఒక్క జాతి: టెరోకార్పస్ శాంటలినస్. బీజింగ్‌లో 1999లో వెలసిన ఎర్రచందన మ్యూజియం ఈ చెక్క పనితనానికే అంకితం. చైనా మధ్యతరగతికి డబ్బు చేరేకొద్దీ పాత రాజభోగం మీద మోజు పెరిగింది. ఆ మోజు శేషాచలం దాకా పాకింది. అసలు సరుకు దొరకనిచోట ఆఫ్రికాలో పెరిగే టెరోకార్పస్ టింక్టోరియస్ అనే చుట్టపు జాతిని దాని పేరుతో అంటగట్టడమూ మొదలైంది. రెండింటినీ విడదీయడానికి సూక్ష్మదర్శినితో కణజాలాన్ని పరీక్షించాల్సి వస్తుంది.

మూడో గిరాకీ రంగుది, ఇది అన్నిటికన్నా పాతది. శాంటలిన్ నీళ్లలో కరగదు, సారాయిలోనూ క్షారంలోనూ కరుగుతుంది. ఐరోపా కంపెనీలు కోరమండల్ తీరం నుంచి ఎర్రచందనాన్ని ప్రధానంగా ఉన్ని అద్దకానికి తీసుకెళ్లేవి. స్వీడన్‌లో ఊరబెట్టే చిన్న చేపల మసాలాలో నేటికీ దీని పొడి పడుతుంది. రంగుకు అలల నార అక్కర్లేదు; తొర్ర దుంగలూ ముక్కలూ సరిపోతాయి. సీ తరగతికీ అంతకు దిగువ సరుకుకీ న్యాయమైన మార్కెట్ ఇదే.

అణుధార్మికతను అడ్డుకోవడానికి విదేశాలు దీన్ని కొంటున్నాయన్న మాట తెలుగు నాట విస్తృతంగా ప్రచారంలో ఉంది. దానికి శాస్త్రీయ ఆధారం లేదు. పై మూడు అవసరాలే ఈ ధరకు ప్రధాన కారణం.

చట్టం దారి

విదేశీ వర్తకం వల్ల ప్రమాదంలో పడే జీవజాతుల కోసం 1973లో వాషింగ్టన్‌లో కుదిరిన సైటిస్ ఒప్పందంలో భారతదేశం 1976 నుంచి భాగస్వామి. ఎర్రచందనాన్ని ఆ ఒప్పందం రెండో అనుబంధంలో చేర్చారు. అది 1995లో అమల్లోకి వచ్చింది. రెండో అనుబంధం అంటే పూర్తి నిషేధం కాదు. ఎగుమతి చేసే దేశం రెండు విషయాలు ధ్రువీకరించాలి: సరుకు చట్టబద్ధంగా వచ్చిందని ఒకటి, దాన్ని అమ్మడం వల్ల అడవిలో ఆ జాతి మనుగడకు ముప్పు లేదని రెండోది. రెండో మాట చెప్పాల్సింది శాస్త్రజ్ఞులు. మన దేశంలో ఆ బాధ్యత మోసే సంస్థల్లో బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా ఒకటి.

దేశీయ చట్టం ఇంకా కఠినం. విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ నిబంధనల ప్రకారం అడవి ఎర్రచందనం దుంగల ఎగుమతి నిషిద్ధం. రంగు, వాద్యాలు, వాద్య భాగాల వంటి తయారైన రూపాలకు లైసెన్సు మీద అనుమతి ఉంది. దుంగలకు ప్రత్యేక మినహాయింపు ఇస్తే తప్ప దారి లేదు. ఆ మినహాయింపుకు లెక్క 2012లో తేలింది. సాగులో పెరిగిన చెట్ల నుంచి ఏటా 310 టన్నులు, అప్పటికే జప్తులో ఉన్న నిల్వ నుంచి ఒక్కసారికి 11,806 టన్నులు ఎగుమతి చేస్తామని భారతదేశం సైటిస్‌కు తెలిపింది. 2013 అక్టోబరులో కేంద్రం ఆంధ్రప్రదేశ్‌కు 8,584 టన్నుల దుంగలు ఎగుమతి చేసుకోవడానికి అనుమతినిచ్చింది. దాని మీదే 2014లో అంతర్జాతీయ ఈ-వేలం మొదలైంది. గడువు తర్వాత పలుమార్లు పొడిగించాల్సి వచ్చింది.

వేలానికి వచ్చే దుంగ ముందు నేర పరిశోధనకు సంబంధించిన సొత్తు. పట్టుబడ్డ నాడు దాన్ని స్వాధీనం చేసుకుంటారు. 1967 నాటి అటవీ చట్టం కింద అధీకృత అధికారి విచారించి ప్రభుత్వపరం చేస్తేనే అది అమ్మకానికి పనికొస్తుంది. ఈలోగా డిపోలో ఎండకూ వానకూ దుంగ కొసలు పగులుతాయి, మిగిలిన తెల్లకర్రను పురుగు తొలుస్తుంది. చేవకు ఏం కాదన్నది నిజమే. కొసల పగులు లోపలికి పాకితే మాత్రం ఏ తరగతి దుంగ బీకి దిగుతుంది. ఆలస్యానికి ధర ఉందని డిపో అధికారులకు బాగా తెలుసు.

ప్రభుత్వపరమైన దుంగలను తిరుపతి పరిసరాల్లోని గోదాములకు చేర్చి, నంబరు వేసి, తూచి, గ్రేడు కట్టి లాట్లుగా పేరుస్తారు. కొనదలచినవారు ధరావతు కట్టి, లాట్లను స్వయంగా చూసుకుని, కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎం.ఎస్.టి.సి. నడిపే వేదిక మీద ఆన్‌లైన్‌లో పాడతారు. గెలిచినవారు సొమ్ము, పన్నులు కట్టాక రవాణా పర్మిట్, విదేశీ వాణిజ్య లైసెన్సు, సైటిస్ పర్మిట్, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం, కస్టమ్స్ తనిఖీ వరుసగా దాటాలి. వీటిలో ఏ ఒక్క కాగితం ఆగినా కంటెయినరు ఆగుతుంది. జీవవైవిధ్య చట్టం కింద 2014లో వచ్చిన మార్గదర్శకాలు ఎర్రచందనం వంటి అధిక విలువ జాతుల వేలం సొమ్ములో కనీసం 5 శాతం ప్రయోజన పంపిణీకి వెళ్లాలని నిర్దేశించాయి. చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ దాన్ని వసూలు చేసి, అటవీ సంరక్షణకూ సాగుదారులకూ తిరిగి అందిస్తోంది.

ఈ తతంగమంతా గ్రేడు మీద ఆధారపడి నిలుస్తుంది. ఏ తరగతి దుంగను సీ అని రాస్తే ఖజానాకు నష్టం. సీ కొన్న కాగితంతో దొంగ ‘ఏ’ తరగతి దుంగను రేవు దాటిస్తే అడవికి నష్టం. రెండో మోసం ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే చట్టబద్ధమైన వేలమే స్మగ్లింగుకు ముసుగవుతుంది. దుంగ దుంగకూ నంబరు, బరువు, రెండు కొసల ఫోటో, నార వివరం నమోదు చేసి, అదే నమోదును రేవులో సరిపోల్చగలిగితే ఈ దారి చాలావరకు మూసుకుపోతుంది. ఐరోపా పలక మీద ముద్ర చేసే పని ఇక్కడ ఈ నమోదు చేయాలి.

చట్టం దారి ఇరుకై, గిరాకీ వెడల్పై ఉన్నప్పుడు మూల్యం చెల్లించేది కొండెక్కే కూలీ. తమిళనాడు కొండప్రాంతాల నుంచి మేస్త్రీలు రోజుకూలి ఆశ చూపి తెచ్చిన మనుషులే నరికివేతలో ఎక్కువగా పట్టుబడతారు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో జరిగిన కాల్పుల్లో 20 మంది చనిపోయారు. సరుకును రేవుకు చేర్చే పెట్టుబడిదారులు ఆ కొండల్లో ఎన్నడూ అడుగు పెట్టరు. అడవిని కాపలాతో మాత్రమే కాపాడవచ్చనుకోవడం పొరపాటని ఆ ఘటన తర్వాతి ఏళ్లు కూడా రుజువు చేశాయి. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య 2018లో ఈ జాతి స్థితిని రెండు మెట్లు మెరుగుపరచి, 2021లో మళ్లీ ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలోకి తెచ్చింది.

తోటల ఎర్రచందనం

కోడూరు ప్రాంతంలో ఎర్రచందనాన్ని నాటి పెంచడం 19వ శతాబ్దంలోనే మద్రాసు అటవీ శాఖ చేతుల మీదుగా మొదలైంది. ఇటీవలి దశాబ్దాల్లో రాజంపేట, కోడూరు చుట్టుపక్కల రైతులు మామిడి, నిమ్మ తోటల గట్ల మీదా మెట్ట చేలలోనూ నాటారు. రాళ్ల నేలకు, తక్కువ నీటికి ఇది తగిన చెట్టే. కానీ ఇరవై ఏళ్లలోపు చెట్టులో చేవ చాలా తక్కువ. బోరునీళ్లు, ఎరువు పెడితే మాను లావెక్కుతుంది, ఆ లావులో అధికం తెల్లకర్రే. అలల నార వస్తుందన్న హామీ ఏ నర్సరీ ఇవ్వలేదు. ఎకరాకు ఇన్ని కోట్లని చెప్పే ప్రకటనలు ఈ మూడు నిజాలనూ దాటవేస్తాయి. వాటిని నమ్మి పెట్టుబడి పెట్టే రైతుకు ఈ సంగతులు ముందే తెలియాలి.

సొంత పొలంలోని చెట్టు కొట్టాలన్నా జిల్లా అటవీ అధికారి అనుమతి, కొలతలు, రవాణా పర్మిట్ తప్పనిసరి. 2019 ఫిబ్రవరిలో కేంద్రం సాగు ఎర్రచందనం దుంగల ఎగుమతికి నిబంధనలు సడలించింది. 2023 నవంబరులో జెనీవాలో జరిగిన సైటిస్ స్థాయీ సంఘం సమావేశం భారత ఎర్రచందనాన్ని ప్రత్యేక సమీక్ష జాబితా నుంచి తొలగించింది. రైతుకు దారి తెరుచుకుందని చెప్పడానికి ఇది చాలు. ఆ దారిలో నడవాలంటే మరో రెండు కావాలి: తోట సరుకును అడవి సరుకు నుంచి విడదీసే నమ్మకమైన పరీక్ష, ఒక్కో చెట్టుకు నాటిన నాటి నుంచి రికార్డు. చెట్టు పుట్టుక రాసి ఉంటే, పాతికేళ్ల తర్వాత దాని దుంగను ఎవరూ దొంగ సొత్తని ఆపలేరు.

తయారీ సంగతి కూడా తేలాల్సి ఉంది. దుంగగా వెళ్లిన ఎర్రచందనం బీజింగ్‌లో బీరువా అయ్యాక, టోక్యోలో షమిసెన్ అయ్యాక దాని విలువ ఎన్నో రెట్లవుతుంది. ఆ పెరిగిన విలువలో రాయలసీమకు వాటా లేదు. తిరుపతి పరిసరాల్లో ఎర్రచందనంతో బొమ్మలు చెక్కే కళాకారులు తరాలుగా ఉన్నారు. చట్టబద్ధమైన చెక్క క్రమం తప్పకుండా అందక వారిలో చాలామంది ఇతర కలపలకు మళ్లారు. వాద్య భాగాల ఎగుమతికి చట్టం ఇప్పటికే అవకాశం ఇస్తోంది. వేలంలో సీ తరగతి లాట్లలో కొంత భాగాన్ని స్థానిక చెక్కడం పనివారికి, రంగు తీసే చిన్న పరిశ్రమలకు నిర్ణీత ధరకు కేటాయించడం ప్రభుత్వం చేతిలో ఉన్న పని. ‘ఏ’ తరగతి దుంగను కూడా అలాగే పంపేయకుండా, జపాన్ కొలతలకు కోసి ఆరబెట్టిన మెడ చెక్కగా పంపే కార్ఖానా కడపలో ఒకటైనా రావాలి.